గంపలో తెల్ల తువ్వాలు

పెళ్లిలో అక్షింతలు ఎందుకు వేస్తారో జనానికి తెలియకపోవడం రాష్ట్రానికి ఎంత ప్రమాదమో, ఒకానొక మంత్రిగారు ఒకానొక పెళ్లికి వెళ్లేదాకా ఎవరూ గుర్తించలేదు. ఆయన వధూవరుల నెత్తిన అక్షింతలు వేయబోతూ ఆగి, ‘‘ఇవి ఎందుకు వేస్తామండీ?’’ అని పక్కనున్న కలెక్టరు గారిని అడిగారు. కలెక్టరు గారు ఆర్డీవో వైపు చూశారు. ఆర్డీవో తహసీల్దారు వైపు చూశారు. తహసీల్దారు వెనక్కి తిరిగి చూస్తే అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు. అర్థం తెలియని పనిని ప్రభుత్వం తన చేతులతో చేయడం భావ్యం కాదనుకుని మంత్రిగారు ఆ అక్షింతల్ని జేబులో వేసుకుని రాజధానికి వెళ్లిపోయారు. నెల తిరక్కుండా వివాహాచార అర్థ నిర్ధారణ శాఖ పుట్టింది.

శాఖవారు పెట్టిన నిబంధన చాలా చిన్నది. పెళ్లిలో ఏ తంతు ఎవరు చేస్తారో వారే దాని మూలమూ అర్థమూ చెప్పగలగాలి. చెబితే చేసుకోవచ్చు. చెప్పలేకపోతే ఆ తంతు ఆ పెళ్లికి రద్దు. పరీక్ష పెట్టడానికి జిల్లాకో అర్థాధికారి. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. టీవీల్లో గడ్డాలున్నవాళ్లూ లేనివాళ్లూ కూర్చుని, మన పూర్వీకులు కాలి మెట్టెల్లో ఎంత సైన్సు దాచిపెట్టారో పొద్దుపోయేదాకా చెప్పారు. పెళ్లి కుదిరిన పిల్లలకి మూడుముళ్ల కోచింగు సెంటర్లు వెలిశాయి.

కడియంలో పూలమొక్కల నర్సరీ నడిపే బుల్లబ్బాయి కూడా మొదట మెచ్చుకున్నాడు. ఆయన నర్సరీకి వచ్చిన మనిషి ‘‘ఒక మొక్కివ్వండి’’ అంటే, ‘‘ఎందుకండీ?’’ అని అడక్కుండా ఇచ్చే రకం కాదు. నీడకా, పువ్వుకా, పక్కింటివాళ్లకి అడ్డుగానా తెలుసుకోవాల్సిందే. అటువంటి మనిషికి ప్రభుత్వం కూడా తనలాగే ఆలోచించడం ముచ్చటేసింది.

ఆ ముచ్చట వీరవరంలో ఒక స్నేహితుడి కొడుకు పెళ్లికి వెళ్లేదాకా నిలిచింది. అక్కడ ఇరువైపులవాళ్లూ పరీక్షలో వరసగా తప్పారు. చివరికి పిల్లా పిల్లాడూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని షేక్‌హ్యాండు ఇచ్చుకోబోతే అర్థాధికారి దానికీ మూలం అడిగాడు. పెళ్లికొడుకు చదువుకున్నవాడు కనుక, చేతిలో కత్తి లేదని ఎదుటివాడికి చూపించడానికి పుట్టిన అలవాటని చెప్పాడు. అధికారి సంతోషించి, ఇద్దరి చేతులూ, పెళ్లికొడుకు చొక్కా చేతులతో సహా, తనిఖీ చేయించి అనుమతి ఇచ్చాడు. బుల్లబ్బాయి ఆ పెళ్లిలో గారెలు కూడా సరిగ్గా తినలేదు. ఇంకొన్నాళ్లలో తన మేనకోడలు చంపక పెళ్లి.

చంపక పెళ్లి ఆగిపోతుందని కాదు ఆయన బెంగ. గంప ఆగిపోతుందని.

దానికి కొంచెం వెనక కథ ఉంది. బుల్లబ్బాయి చెల్లెలు మాణిక్యం పెళ్లికి, ఆమెను గంపలో మోసుకురావలసిన మేనమామ, కాఫీ తనకంటే ముందు వియ్యాలవారికి ఇచ్చారని అలిగి, ముహూర్తం ముందు బస్సెక్కి వెళ్లిపోయాడు. మాణిక్యం గౌరీపూజ గదిలోంచి పీటల దాకా నడుచుకుంటూ వచ్చింది. పట్టుమని పది బారలు లేని ఆ దూరం ఆమె జీవితంలో ఇప్పటికీ తరగలేదు. ఎవరి పెళ్లి వీడియోలోనైనా గంప కనిపిస్తే చాలు, పొయ్యి మీద ఏదో ఉందంటూ వంటింట్లోకి వెళ్లిపోతుంది. పొయ్యి మీద ఏమీ ఉండదు. అందుకే చంపక పుట్టిన రోజున బుల్లబ్బాయి ఆ పసిగుడ్డును చామంతుల బుట్టలో పడుకోబెట్టి ఎత్తి, ‘‘నీ పెళ్లికి కూడా నేనే ఎత్తుతానే’’ అని చెల్లెలి ముందు మాటిచ్చాడు. ఇప్పుడు మోకాలు నొప్పి. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. ఆయన డాక్టరుకు చెప్పకుండా నర్సరీలో మందార కుండీలతో మొదలుపెట్టి పనస మొక్కల దాకా సాధన చేశాడు.

వీరవరం నుంచి వచ్చిన మర్నాడే జిల్లా కేంద్రానికి వెళ్లి అర్థాధికారి వాచస్పతి గారిని కలిశాడు.

వాచస్పతి గారి గదిలో అన్నిటికంటే ముందు కనిపించేది ఆయన కుర్చీ. దాని వీపు మీద తెల్లటి టర్కీ తువ్వాలు, ముడత లేకుండా పరిచి ఉంది. బుల్లబ్బాయి నమస్కారం పెడుతూ యథాలాపంగా ఆ కుర్చీ మీద చెయ్యి ఆనించబోతే, బంట్రోతు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

‘‘ఆ తువ్వాలు ముట్టుకోకూడదండి.’’

‘‘ఎందుకు బాబూ?’’

‘‘ముట్టుకోకూడదంతేనండి’’ అన్నాడు బంట్రోతు.

బుల్లబ్బాయి గంప సంగతి అడగగానే వాచస్పతి గారు గొంతు సవరించుకున్నారు. ‘‘గంప తంతు విషయమై శాఖలో రెండు అభిప్రాయములు కలవు. చరిత్ర విభాగము వారి అభిప్రాయమేమనగా, పూర్వకాలమున వధువు చిన్నపిల్ల. జనసమ్మర్దములో నడవలేదు. కావున మేనమామ గంపలో తెచ్చెడివాడు.’’

‘‘హమ్మయ్య. బాగుందండి. పరీక్షలో నేనదే చెప్పేత్తాను.’’

‘‘చెప్పినచో కేసు నమోదగును. బాల్యవివాహమును స్మరించుచు ప్రదర్శన చేసినట్లు.’’

బుల్లబ్బాయి తువ్వాలుతో, అంటే తన భుజం మీది సొంత తువ్వాలుతో, మొహం తుడుచుకున్నాడు. ‘‘మరి ఆ రెండోదేంటండి?’’

‘‘విజ్ఞాన విభాగము వారిది. వెదురు గంప భూమి యొక్క అయస్కాంత శక్తిని అడ్డగించి వధువును కాపాడును.’’

‘‘ఇదీ బాగానే ఉందండి. ఇది చెప్తాను.’’

‘‘నిరూపణ కావలెను. విజ్ఞాన విభాగము వారు దిక్సూచి తెచ్చి గంపలో పెట్టెదరు. ముల్లు ఉత్తరమునే చూపినచో తంతు రద్దు.’’

‘‘ఇప్పటిదాకా ఎటు చూపించిందండి?’’

‘‘ఉత్తరమునే.’’

‘‘అంటే తెలీదంటే రద్దు. తెలుసంటే కేసు. మరి ఎవరి గంపైనా లేచిందాండీ అసలు?’’

‘‘శాఖ ఇంకను ప్రారంభ దశలో ఉన్నది’’ అన్నారు వాచస్పతి గారు వినయంగా.

పెళ్లిరోజు వచ్చింది. ముహూర్తం పదింటి తరువాత. కానీ పరీక్ష మాత్రం ఉదయం టిఫిన్లు కాగానే మండపంలోనే మొదలవ్వాలి. శాఖవారి జీపు ముందు వచ్చింది. అందులోంచి వాచస్పతి గారి కుర్చీ దిగింది, దాని వెనక తువ్వాలు దిగింది. బంట్రోతు తువ్వాలును దులిపి కుర్చీ వీపు మీద పరిచి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, ఎడమవైపు కొంచెం లాగి తృప్తిపడ్డాడు. అప్పుడు వాచస్పతి గారు దిగారు.

ఆయన ఆసీనులై నిబంధన చదివారు. ‘‘కల్యాణ మండప ప్రాంగణమునందు ఎవరిచేతనైనను ఆచరింపబడు సమస్త ఆచారములకు మూలమును, అర్థమును తెలుపవలెను. అర్థము తెలియని ఆచారముతో కూడి జరిగిన ఏ కార్యమైనను చెల్లనేరదు.’’

మొదట పెళ్లికొడుకు నిఖిలేశ్‌ని పిలిచారు. కాకినాడ కుర్రాడు. కోచింగు తీసుకున్నాడు. కాశీయాత్ర గురించి అడిగితే గడగడా అప్పచెప్పాడు. వరుడు సన్యాసం తీసుకోవడానికి కాశీకి బయల్దేరతాడు, బావమరిది ఆపి, ఇల్లాలితో ఉండమని బతిమాలి తీసుకొస్తాడు.

‘‘సమాధానము సరియైనది. మీకు నిజముగా కాశీకి పోవు ఉద్దేశము కలదా?’’

‘‘లేదండి.’’

‘‘లేని ఉద్దేశమును ప్రకటించుట తప్పుడు ప్రకటన. రద్దు.’’

‘‘ఉందండి, ఉందండి!’’ అన్నాడు నిఖిలేశ్ కంగారుగా.

‘‘అయినచో ఆపకూడదు. వెళ్లిరండి.’’

గొడుగూ, చేతికర్రా, పాదరక్షలూ జీపులోకి వెళ్లిపోయాయి. తరువాత జీలకర్ర బెల్లం. అది ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు పెట్టుకున్నప్పుడు మాడు మీదుగా విద్యుత్తు పుట్టి మనసులు కలుస్తాయని కోచింగు సెంటరువారు నేర్పారు. నిఖిలేశ్ అదే చెప్పాడు. విజ్ఞాన విభాగం నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు మీటరు తీసి, దాని ఎర్రతీగ నిఖిలేశ్ నెత్తినా, నల్లతీగ జీలకర్ర బెల్లం ముద్దలోనూ గుచ్చాడు. మీటరు ముల్లు కదల్లేదు. పెళ్లికొడుకు తండ్రి ‘‘కొంచెం గట్టిగా గుచ్చండి’’ అన్నాడు ఆశగా. గట్టిగా గుచ్చితే పెళ్లికొడుకు కదిలాడు గానీ ముల్లు కదల్లేదు. రద్దు.

పురోహితుడు అవధాని గారు అరుంధతీ నక్షత్రం దగ్గర దొరికిపోయారు. పట్టపగలు ఆయన చెయ్యి పైకెత్తి చూపిస్తారు, వధూవరులు పైకి చూస్తారు, కనపడిందా అంటే కనపడిందంటారు. ఇది ఆయన ఎన్ని పెళ్లిళ్లలో చేయించారో లెక్కే లేదు. పెద్దలు చేయించేవారు కనుక చేయిస్తున్నానంటే, అది చెల్లదన్నారు అధికారి గారు. వాచస్పతి గారు కూడా పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది.

‘‘కనపడనిదానిని కనపడినదని పలికించుట...’’ అని ఆయన మొదలుపెట్టగానే, ‘‘రద్దే కదండీ, రాసేసుకోండి’’ అని అవధాని గారు ఉత్తరీయం దులుపుకుని కూర్చున్నారు.

గౌరీపూజ గదిలో ఉన్న చంపకను తలంబ్రాల గురించి అడిగారు. ఆ పిల్ల రాజమండ్రి ఆసుపత్రిలో కాళ్లూ చేతులూ పట్టుకుపోయినవాళ్లకి వ్యాయామాలు చేయిస్తుంది, దేనికీ జంకదు. గుమ్మంలోంచే, ‘‘సరదాకండి’’ అంది.

‘‘సరదా అనునది శాఖ ఆమోదించిన మూలములలో లేదు.’’

‘‘పోనీ చేర్చండి’’ అంది చంపక. చేర్చలేదు.

మాంగల్యమూ రద్దై, కన్యాదానం వంతు వచ్చేసరికి చంపక తండ్రి పేర్రాజు అర్థం చెప్పలేక, కళ్లనీళ్లతో అధికారి చేతులు పట్టుకోబోయాడు. చేతులు పట్టుకోవడానికి కూడా మూలం అడుగుతారేమోనని భయపడి వదిలేశాడు. ‘‘ఇంతకీ ఇంకేం మిగిలిందండీ?’’ అని అవధాని గారు అడిగారు. వాచస్పతి గారు కాగితాలు తిరగేసి, వధూవరులు ఒకే పందిరి కింద ఉండుటకు అభ్యంతరము లేదని చెప్పారు.

ఆఖరున గంప. గుమ్మం పక్కనే సిద్ధంగా పెట్టి ఉంది. పచ్చివెదురుతో కొత్తగా అల్లించిన పెద్ద గంప, అందులో పసుపురంగు బట్ట. వాచస్పతి గారు ముందు బట్ట సంగతి అడిగారు. ఎవరికీ తెలియదు. బంట్రోతు బట్ట తీసి, మూట కట్టి, సీలు వేసి జీపులో పంపేశాడు. జీపు జిల్లా కేంద్రానికి వెళ్లిపోయింది.

‘‘ఇక గంప. మోయువారు ఎవరు?’’

బుల్లబ్బాయి ముందుకొచ్చాడు. రాత్రంతా ఒక కొత్త అర్థం తయారుచేసుకున్నాడు. వాస్తు, వెదురు, వేదకాలం అన్నీ కలిపి నోటికి పట్టించుకున్నాడు. తీరా నోరు తెరిచాక, పెళ్లిజనం వెనక స్తంభాన్ని పట్టుకుని నిలబడిన మాణిక్యం కనిపించింది. ఆమె వంటశాల వైపు చూస్తోంది. అక్కడికి వెళ్లిపోవడానికి ఒక సాకు వెతుక్కుంటోందని ఆయనకు తెలిసిపోయింది. నేర్చుకున్నదంతా మరిచిపోయాడు.

‘‘నాకు తెలీదండి’’ అన్నాడు. ‘‘మా చెల్లి పెళ్లికి మా మావయ్య అలిగి ఎల్లిపోయాడండి. ఇది నడిచొచ్చింది. నన్నెత్తేవోడు లేడా అని అప్పట్నుంచీ దానికదే కుమిలిపోతా ఉంది. దాని పిల్లనైనా ఎత్తుకుని తీసుకెళ్లి కూర్చోబెడితే దాని మనసు కుదుటపడుద్దని. అంతేనండి. ఇంకో అర్థం ఉంటే ఉండొచ్చు, నాకు మాత్రం ఇదే.’’

వాచస్పతి గారి కలం ఆగింది. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ శాఖ మనిషి.

‘‘ఇది వ్యక్తిగత కారణము. మూలము కాదు. విచారముతో... రద్దు.’’

మాణిక్యం మెల్లగా వంటశాల వైపు కదిలింది. అది చూడగానే బుల్లబ్బాయికి ఏడుపూ, కోపమూ కలిసి వచ్చాయి. ఎటు చూడాలో తెలియక ఎదురుగా ఉన్న కుర్చీని చూశాడు. నర్సరీలో కొనేవాళ్లని అడిగే అలవాటు కొద్దీ అడిగేశాడు.

‘‘ఆ తువ్వాలు ఎందుకండీ?’’

‘‘ఏ తువ్వాలు?’’

‘‘మీ ఎనకాలదండి. మొన్న ఆఫీసులోనూ చూశాను. ముట్టుకోకూడదన్నారు. మీరు పరుచుకున్నారు గానీ తుడుచుకోలేదు. ఎందుకంటారు?’’

‘‘అది పదవికి సంబంధించిన గౌరవము.’’

‘‘మూలమేంటండి?’’

వాచస్పతి గారు వెనక్కి తిరిగి తువ్వాలును చూశారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ దానికి ఆనుకునే కూర్చుంటున్నా, ఆయన దాన్ని చూడడం అదే మొదలు. ‘‘మూలము... అన్ని కార్యాలయములందును ఉన్నది. పూర్వపు అధికారులు...’’

‘‘పెద్దోళ్లు చేశారంటే చెల్లదని మా అవధాని గోరికి ఇందాకే చెప్పారండి’’ అన్నాడు బుల్లబ్బాయి. ఆయన ఎత్తిపొడవడం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాడు. గుమ్మంలోంచి చంపక అందుకుంది. ‘‘మావయ్యా, మండపంలో ఎవరు చేసినా సమస్త ఆచారాలూ అని ఆయనే చదివారు కదా!’’

జనం దగ్గరికి జరిగారు. వాచస్పతి గారు నిబంధన మళ్లీ చదువుకున్నారు. ఆయన చిన్నప్పటి నుంచీ నిబంధనను నమ్మిన మనిషి. తనకొక్కడికీ మినహాయింపు రాసుకోవడం ఆయనకి చేతకాదు. ఫోను తీసి రాజధానిలో కమిషనరు గారికి చేసి, అందరికీ వినపడేలా పెట్టారు.

‘‘తువ్వాలా? అది ఎప్పటినుంచో ఉన్నదయ్యా’’ అన్నారు కమిషనరు గారు.

‘‘చిత్తం. ‘ఎప్పటినుంచో’ అనునది మూలముగా పరిగణింపరాదని తమరే ఆదేశించియున్నారు.’’

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. కమిషనరు గారు లేచి నిలబడ్డారు.

‘‘తువ్వాలు లేకుండా కూర్చుండవచ్చునా?’’ అని అడిగారు వాచస్పతి గారు.

‘‘అట్లు కూర్చున్నచో అది గుమాస్తా కుర్చీ అగును. గుమాస్తాకు రద్దుచేయు అధికారము లేదు. తువ్వాలు అర్థము తేలువరకు, తువ్వాలు గల కుర్చీలలో ఆసీనులై ఇచ్చిన సమస్త ఉత్తర్వులు నిలుపుదల చేయడమైనది. అందరూ నిలబడియుండవలెను’’ అని కమిషనరు గారు ఫోను పెట్టేశారు.

వాచస్పతి గారు లేచారు. తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు. బంట్రోతు మొహం తిప్పుకున్నాడు, అంత కష్టం వేసింది అతనికి. ఇటు అవధాని గారు చేతిగడియారం చూసి, ‘‘ముహూర్తం ముంచుకొచ్చేస్తంది, అమ్మాయిని తీసుకురండర్రా!’’ అని కేక పెట్టారు. సన్నాయివాళ్లు ఎవరినీ ఏమీ అడక్కుండా అందుకున్నారు.

చంపకను గంప దగ్గరికి తెచ్చారు. తీరా చూస్తే లోపల పచ్చివెదురు పేళ్లు ముళ్లలా లేచి ఉన్నాయి. కూర్చుంటే చీరా మిగలదు, పిల్లా మిగలదు. పసుపు బట్ట చూస్తే జీపుతో పాటు వెళ్లిపోయింది. బుల్లబ్బాయి తన భుజం మీది తువ్వాలు తీశాడు గానీ, పొద్దుటి నుంచీ పట్టిన చెమటకి అది పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆయన వాచస్పతి గారి చేతిలోకి చూశాడు.

‘‘అయ్యా, మీరెలాగూ దానికి ఆనుకోరు కదండీ.’’

వాచస్పతి గారు తువ్వాలును చూశారు. వంటశాల గుమ్మం దగ్గర ఆగిపోయి వెనక్కి తిరిగిన మాణిక్యాన్ని చూశారు. తరువాత ఎవరికీ ఇవ్వకుండా తనే వంగి, తువ్వాలును ఒకసారి దులిపి, గంపలో ముడత లేకుండా పరిచారు. ‘‘దీనికి అర్థము అడగవద్దు’’ అన్నారు మెల్లగా.

‘‘అడగనండి’’ అన్నాడు బుల్లబ్బాయి.

చంపక కూర్చుంది. వరసకి మేనమామలయ్యే మరో ఇద్దరు అటువైపు పట్టుకున్నారు. ఇటువైపు బుల్లబ్బాయి ఒక్కడే పట్టుకున్నాడు. లేచేటప్పుడు మోకాలు చేసిన చప్పుడు సన్నాయిలో కలిసిపోయింది. గుమ్మం నుంచి పీటల దాకా ఆయన ఎక్కడా తడబడలేదు. మాణిక్యం గంప పక్కనే నడిచింది. ఈసారి ఏడుస్తున్నా వంటింటికి వెళ్లలేదు. అందరి ముందూ, కడుపునిండా ఏడ్చింది. పీటల మీద దించాక అన్న నడుం పట్టుకుని, ‘‘అన్నియ్యా, నన్ను కూడా ఎత్తేసినట్టే ఉందిరా’’ అంది. ఆ మాటతో బుల్లబ్బాయికి మోకాలి నొప్పి తెలియలేదు. మర్నాడు బాగా తెలిసింది.

జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. తాళి కట్టాడు. తలంబ్రాలు సరదాగానే పోసుకున్నారు. అవధాని గారు ఫ్యాను వైపు చూపించి కనపడిందా అంటే, ఈసారి ఇద్దరితో పాటు వాచస్పతి గారు కూడా కనపడిందన్నారు. తరువాత ఆయన నిలబడి అరిటాకులో భోజనం చేయడం కుదరక బంతిలో కూర్చుని, పూతరేకులు రెండోసారి వేయించుకున్నారు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. కడియం చుట్టుపక్కల ఇప్పుడు గంపలో తెల్ల తువ్వాలు పరవకపోతే పెళ్లికూతుర్ని ఎక్కనివ్వరు. కొత్త తువ్వాలు పనికిరాదు, ఆఫీసులో కుర్చీ మీద పరిచినదే కావాలనేవాళ్లున్నారు. అది పిల్లకి శాంతి అని కొందరు, పుట్టింటి తెలుపు అని కొందరు చెబుతారు. వేమగిరిలో ఒకావిడ తన అమ్మమ్మ పెళ్లిలో కూడా పరిచారని, తను విన్నానని ఒట్టేసి మరీ చెప్పింది.

శాఖ మాత్రం తువ్వాలు అర్థం కోసం ఇంకా వెతుకుతూనే ఉంది. అధికారులందరూ నిలబడే ఉన్నారు. ఈ మధ్య చరిత్ర విభాగం పండితుడొకాయన పెద్ద సంగతి కనిపెట్టాడు. గోదావరి ప్రాంతంలో వధువును తెల్ల తువ్వాలు మీద కూర్చోబెట్టే సనాతన ఆచారం ఉందనీ, అధికారి కుర్చీ తువ్వాలు అందులోంచే పుట్టిందనీ ఆయన వాదన. గంప తువ్వాలు మూలం ఒక్కటి తేలితే కుర్చీ తువ్వాలు మూలం తేలిపోతుంది. శాఖ మళ్లీ కూర్చుంటుంది. రద్దులు మళ్లీ మొదలవుతాయి.

ఆ పండితుణ్ని వెంటబెట్టుకుని వాచస్పతి గారు వేమగిరిలో ఒక పెళ్లికి వచ్చారు. గంప సిద్ధంగా ఉంది, పిల్ల అందులో కూర్చుని ఉంది. తువ్వాలు సంగతి ఎవరికి తెలుసని అడిగితే, ఊరివాళ్లు మేనమామలకి సలహాలిస్తూ నిలబడిన బుల్లబ్బాయిని చూపించారు.

పండితుడు కలం తీశాడు. వాచస్పతి గారు ముందుకొచ్చి, బుల్లబ్బాయిని ఎన్నడూ ఎరగనివారిలా అడిగారు. ‘‘ఈ తువ్వాలు పరచుటకు మూలమేమి?’’

బుల్లబ్బాయి ఆయన కళ్లలోకి చూశాడు. గంపలోని పిల్లని చూశాడు. పందిట్లో కళ్లు తుడుచుకుంటున్న ఆ పిల్ల తల్లిని చూశాడు.

‘‘ఏమోనండి బాబూ’’ అన్నాడు. ‘‘పెద్దోళ్లు చేసేవోరు, మేవూ చేత్తన్నాం.’’

‘‘తెలియదు అని రాసుకొనుడు’’ అన్నారు వాచస్పతి గారు పండితుడితో. ఎన్నో ఏళ్లుగా నిలబడి ఉన్న ఆ మనిషి మొహంలో అంత హాయి ఎవరూ చూడలేదు.

బుల్లబ్బాయి మేనమామల వైపు తిరిగాడు. ‘‘చూత్తారేంట్రా? ఎత్తండి, ముహూర్తం దాటిపోద్ది!’’